జులైలో మాయమైన మొక్క: షూటింగ్ స్టార్ మీద ఒక కేస్ స్టడీ

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నాటి నుంచి, పెరటి మొక్కలకు వచ్చే ఇబ్బందుల గురించి అడిగేవారికి సలహా చెబుతూ, డాక్టరు కేసు షీటు రాసినట్లు ప్రతి మొక్క వివరాలనూ తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాసి ఉంచుకుంటున్నాను. అందులో ఎక్కువ భాగం మిరపలో ఆకుముడత, వంగలో కాయతొలుచు పురుగు, కుండీలో కరివేపాకు ఎదగకపోవడం వంటివే. వాటి మధ్య నాలుగేళ్ళపాటు సాగిన ఒక కేసు ఉంది. ఆ మొక్కను నేను ఇంతవరకు చేత్తో తాకలేదు. అది ఉన్నది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, బాలాజీ గుడి వల్ల మనవాళ్ళకు బాగా తెలిసిన అరోరా పట్టణానికి దగ్గరలో, నా పూర్వ విద్యార్థిని ఇంటి వెనుక ఓక్ చెట్టు కింద. ఆమెది దుగ్గిరాల దగ్గర ఒక పల్లెటూరు. పుట్టింటివారిది పసుపు సాగు. ఈ కేసులో నేను చెప్పిన సలహా తప్పి ఒక మొక్క చచ్చిపోయింది. ఆ తప్పు ఎలా జరిగింది, తరువాత ఏమి సరిచేసుకున్నాము అన్నది దాచకుండా రాస్తే, అక్కడ తోటలు పెంచుకుంటున్న మన పిల్లలకూ, ఇక్కడి నుంచి ఫోనులో వారికి సలహాలు చెప్పే మాబోటివారికీ పనికివస్తుందని ఈ వివరాలన్నీ ఒకచోట చేరుస్తున్నాను.

మొక్క వివరాలు

ఈ మొక్కను అక్కడివారు షూటింగ్ స్టార్ అంటారు. మన మాటల్లో రాలే చుక్క. ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాలలో ప్రెయిరీలు అని పిలిచే గడ్డి మైదానాలలోనూ, అక్కడక్కడా ఓక్ చెట్లు నిలిచి ఉండే పలచని అడవులలోనూ తనంతట తానే పెరిగే బహువార్షిక పూల మొక్క ఇది. ఆకులన్నీ నేలకు అంటుకుని, పాలకూర మొదలు విప్పుకున్నట్లు చుట్టూ పరుచుకుంటాయి. వాటి అడుగుభాగం తరచు కొద్దిగా ఎర్రగా ఉంటుంది. ఆ గుత్తి నడుమ నుంచి ఒక్క ఆకైనా లేని పూకాడ అడుగు, అడుగున్నర ఎత్తున లేచి, చివర గొడుగు ఊచల్లా విడిపోయిన తొడిమలకు పూలను తలకిందులుగా వేలాడదీస్తుంది. అయిదు ఆకర్షణపత్రాలూ ఈదురుగాలికి తిరగబడిన గొడుగులాగా వెనక్కి మడుచుకుని ఉంటాయి. కేసరాలన్నీ దగ్గరగా చేరి ఒక ముక్కులా ఏర్పడి నేలవైపు చూస్తుంటాయి. రంగు తెలుపు నుంచి గులాబీ, లేత ఊదా వరకు మారుతుంది. తోకతో సహా కిందికి జారుతున్న చుక్కను ఎవరో మధ్యలో ఆపినట్లుంటుంది ఆ పువ్వు.

శాస్త్రీయ నామం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో పొరపాటు అక్కడే మొదలైంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి డోడెకాథియాన్ మీడియా అని పేరు పెట్టాడు. మొదటి పదానికి పన్నెండుగురు దేవతలని అర్థం. రెండోది రిచర్డ్ మీడ్ అనే ఇంగ్లండు వైద్యుడి గౌరవార్థం వచ్చింది. రెండున్నర శతాబ్దాలపాటు ఆ పేరే చెల్లింది. డిఎన్ఏ ఆధారంగా వంశవృక్షం గీసి చూసినప్పుడు డోడెకాథియాన్ జాతులన్నీ ప్రిములా ప్రజాతి లోపలి నుంచే పుట్టాయని తేలడంతో, 2007లో దీనిని ప్రిములా మీడియాగా మార్చారు. అయినా నర్సరీలలో పాత పేరే ఇంకా నడుస్తోంది. ప్రిములేసీ కుటుంబం పేరు చెప్పి చూపించడానికి మన వైపు తోటల్లో మొక్క దొరకడం కష్టం. అయితే 2009 నాటి వర్గీకరణలో మిర్సినేసీ కుటుంబాన్ని కూడా ఇందులో కలిపినందువల్ల, పచారీ కొట్లో అమ్మే వాయువిడంగాల తీగ, కృష్ణానది సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో పెరిగే ఈజిసెరాస్ ఇప్పుడు ఈ రాలే చుక్కకు దూరపు చుట్టాలయ్యాయి.

మొదటి ఫిర్యాదు

నా విద్యార్థిని మొదటి ఏడాది మే నెలలో, స్థానిక మొక్కలు మాత్రమే అమ్మే ఒక నర్సరీ నుంచి పూతమీద ఉన్న ఆరు కుండీలు తెచ్చి, ఓక్ చెట్టు కింద మూరెడు ఎడంతో నాటింది. పూలు చూసి మురిసిపోయి నాకు ఫోటోలు పంపింది. జూన్ చివరి వారంలో ఆమె నుంచి వచ్చిన కబురు వేరుగా ఉంది: "మాస్టారూ, ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగాయండీ. అంచుల దగ్గర ఎండిపోతున్నాయి. నీళ్ళు సరిపోలేదంటారా?"

ఫోటోలో మొక్క పక్కన నాటిన చీటీ మీద పాత పేరు ఉంది. ఆమె ఫోనులోని మొక్కల యాప్ మాత్రం ప్రిములా మీడియా అని చూపించింది. రెండూ ఒకటేనని నాకు తెలుసు. కానీ ప్రిములా అన్న మాట వినగానే నా మనసులో మెదిలింది ఊటీలో కుండీల్లో చూసిన ప్రిములాలు. అవి చల్లదనాన్ని, తేమను కోరుకునే మొక్కలు. వేళ్ళ దగ్గర మట్టి ఎండితే ఒక్కపూటలో తలవాల్చేస్తాయి. ఆ గుర్తుతోనే, అక్కడ ఎండలు ముదురుతున్నాయి కాబట్టి రోజూ ఉదయం, సాయంత్రం నీళ్ళు పెట్టి, మొక్క మొదలు చుట్టూ కంపోస్టు మందంగా పరచమని చెప్పాను. ఏ నేలలో పుట్టిన మొక్క, అక్కడ ఈ నెలలో దాని తోటి మొక్కలు ఏ స్థితిలో ఉంటాయి అని అడగవలసిన మొదటి రెండు ప్రశ్నలూ నేను అడగలేదు. రోగి ఊరు, వయసు కనుక్కోకుండా మందు రాయడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

రెండు వారాల్లో ఆరు మొక్కల ఆకులూ పూర్తిగా పడిపోయాయి. పూకాడలు ఎండి గడ్డిపరకల్లా మిగిలాయి. ఆ ఇంటి మట్టి బంకమన్ను. రెండుపూటలా పెట్టిన నీరు కంపోస్టు కింద నిలిచి, ఒక మొక్క మొదట్లో పుల్లటి వాసన వస్తోందని ఆమె చెప్పింది. అప్పుడు నేను రెండో మాట చెప్పాను: వేరుకుళ్ళు తగిలినట్లుంది, పక్క మొక్కలకు పాకకముందే తవ్వి తీసేయండి.

తవ్వి చూసిన రోజు

ఆ సమయానికి ఆమె తల్లి దుగ్గిరాల నుంచి వెళ్ళి కూతురి దగ్గర ఉన్నారు. తవ్వే పని ఆవిడే చేశారు. పార తీసుకువెళ్ళిన కూతుర్ని ఆపి, కూరలు కోసే పాత కత్తితో చుట్టూ మట్టి సడలించి, చేతివేళ్ళతోనే అడుగునుంచి మొదలును పైకెత్తారు. పసుపు తవ్వేచోట కొమ్ముకు గాటు పడితే ధర పోతుందని చిన్నప్పటి నుంచి తెలిసిన చేయి అది. ముందుగా వాసన వచ్చిన మొక్కను తీశారు. దాని మొదలు గోధుమ రంగులో మెత్తబడి, పట్టుకుంటే వేళ్ళ మీది పొర జారిపోయి లోపల దారం లాంటి నార మాత్రం మిగిలింది. నేను చెప్పినట్లే వేరుకుళ్ళు, కానీ దాన్ని తెచ్చింది తెగులు కాదు, మేము పెట్టిన నీరు.

రెండో మొక్కను తీసి కుళాయి కింద కడిగి, కెమెరా ముందు పెట్టారు. ఆ ఫోటోను నా నోటుబుక్కులో అంటించుకున్నాను. వేళ్ళు తెల్లగా, సేమ్యా కంటే కొంచెం లావుగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటి కూడా మెత్తబడలేదు. అవన్నీ కలిసేచోట, ఎండిపోయిన ఆకు తొడిమల చుట్టు మధ్యలో, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన మొగ్గ ఒకటి లేత గులాబీ రంగుతో, కొస మొనదేలి నిలబడి ఉంది. "కన్ను గట్టిగానే ఉందండీ మాస్టారు గారూ. దీన్ని పారేయమంటారా?" అని ఆవిడ ఫోనులో అడిగారు. వచ్చే ఏడాది ఆకులు, పూకాడ మొత్తం ఆ మొగ్గలో అప్పటికే సిద్ధమై ఉన్నాయి. మొక్క చావలేదు, ఆ ఏటికి తన పని ముగించుకుంది.

మిగతా నాలుగింటినీ తవ్వవద్దని చెప్పి, ఈ మొక్కను మొగ్గ అరంగుళం లోతున ఉండేలా తిరిగి నాటించాను. కంపోస్టు పూర్తిగా తీసేయించాను, నీళ్ళు ఆపించాను, ఒక్కో మొక్క ఉన్నచోట ఒక్కో గులకరాయి పెట్టించాను. నిజానికి ఈ జాతిని విడదీయాలన్నా, చోటు మార్చాలన్నా ఇలా ఆకు పడిపోయిన కాలమే సరైనది. అంటే ఆ మొక్కకు తవ్వకం వల్ల ఏ హానీ జరగలేదు. వేళ్ళు తెగకుండా తీసిన చేతుల వల్ల అది ఇంకా సులువుగా తట్టుకుంది. హాని చేసింది అంతకుముందు నేను చెప్పిన నీళ్ళే.

జులైలో ఎందుకు పడిపోతుంది

ప్రెయిరీ నేల స్వభావం తెలిస్తే ఈ మొక్క పంచాంగం అర్థమవుతుంది. అక్కడ బిగ్ బ్లూస్టెమ్ వంటి గడ్లు వేసవి చివరికి మనిషి ఎత్తు దాటి పెరుగుతాయి. నేలకు అంటుకున్న పది ఆకులతో వాటి నీడలో బతకడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ గడ్లు వేడి ముదిరిన తరువాతే జోరుగా ఎదుగుతాయి. ఓక్ చెట్టు కూడా వసంతంలో ఆలస్యంగానే ఆకు తొడుగుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు నేల మీద ఎండ పడే ఆ కొద్ది వారాలలోనే షూటింగ్ స్టార్ ఆకు విప్పి, పూచి, కాయకట్టి, సంపాదించిన పిండిపదార్థాన్ని వేళ్ళలో దాచుకుని, గడ్డి తన నెత్తి మీదికి వచ్చేసరికి నేల లోపలికి తప్పుకుంటుంది. ఒకే నేలను రెండు పంటలు కాలాన్ని పంచుకుని వాడుకోవడం మన డెల్టా రైతుకు కొత్త సంగతి కాదు: వరి ఇంకా చేలో ఉండగానే మినుములు చల్లి, కోత అయ్యాక మిగిలిన తేమతో పండించుకోవడం ఇక్కడ ఏటా జరిగేదే. ప్రెయిరీకి తరచు నిప్పంటుకునేది. మొగ్గ మట్టి కింద ఉండడం వల్ల ఆ మంట కూడా దీనికి తగలదు.

దుగ్గిరాల మనిషికి ఇది వివరించడం తేలికైంది. జూన్‌లో నాటిన పసుపు జనవరికల్లా ఆకు ఎండి పడిపోతే రైతు కంగారు పడడు, తవ్వకానికి కూలీలను మాట్లాడుకుంటాడు. నేను కూడా పసుపును అలాగే చూస్తాను. కానీ పసుపు నిద్రపోయేది చలికాలంలో, మన ఎండలు రాకముందు. జులైలో, చుట్టూ పచ్చగా ఉన్నప్పుడు, వానలు కూడా పడుతున్నప్పుడు ఒక మొక్క ఆకు దించేస్తుందని నాకు తట్టలేదు. మన దగ్గర జులై అంటే అన్నీ మొలిచే నెల. ఆ లెక్కను ఇల్లినాయ్ మొక్కకు కట్టడమే నేను చేసిన పొరపాటు.

ఆ మొక్క ఉన్న నేల చరిత్ర కూడా ఈ సందర్భంలో చెప్పాలి. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు సుమారు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ ఉండేది. ఆ రాష్ట్రంలోనే గ్రాండ్ డీటూర్ అనే ఊళ్ళో జాన్ డీర్ అనే కమ్మరి 1837లో ఉక్కు నాగలి తయారు చేశాక, అంతవరకు నాగలికి లొంగని ఆ బంకనేల వేగంగా మొక్కజొన్న చేలుగా మారిపోయింది. చెడిపోకుండా నిలిచిన అసలు ప్రెయిరీ ఇవాళ రెండు మూడు వేల ఎకరాలకు మించదు. అదీ పాత శ్మశానాల్లో, రైలు కట్టల వెంబడి, దున్నడానికి వీలుకాని రాతి దిబ్బల మీద. అరోరాకు పక్కనే బటేవియాలో ఉన్న ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాలలో, కణాలను పరుగెత్తించే వలయం లోపలి ఖాళీ నేలలో 1970లలో రాబర్ట్ బెట్జ్ అనే శాస్త్రవేత్త ప్రెయిరీ గింజలు చల్లించడం మొదలుపెట్టాడు. నా విద్యార్థినికి ఈ మొక్క మీద మనసు పడింది అక్కడ నడకకు వెళ్ళినప్పుడే.

రెండో ఫిర్యాదు: పూత ఉంది, కాయ లేదు

మరుసటి ఏప్రిల్‌లో అయిదు గులకరాళ్ళ పక్కనా ఆకులు లేచాయి. తవ్వి నాటినది కూడా వాటిలో ఉంది. మే నెలలో నాలుగు మొక్కలు పూశాయి, మొత్తం ముప్పైకి పైగా పూలు. నెలాఖరుకు అన్నీ వాడి రాలిపోయాయి, ఒక్క కాయ మిగలలేదు. పక్కింటివారు తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నారు కదా, పరాగ సంపర్కానికి లోటేమిటని ఆమె సందేహం.

ఈసారి తొందరపడకుండా, వారం రోజులపాటు ఒకే పూగుత్తిని రోజూ ఉదయం తీసిన ఫోటోలు అడిగి తెప్పించుకుని చూశాను. ఈ జాతిలో ఒక చక్కని గుర్తు ఉంది. పువ్వు విచ్చినప్పుడు తొడిమ వంగి కిందికి వేలాడుతుంది. ఫలదీకరణ జరిగితే అదే తొడిమ కొద్దిరోజుల్లో నిటారుగా లేచి, కాయను ఆకాశంవైపు నిలబెడుతుంది. ఆమె పంపిన ఫోటోల్లో ఒక్క తొడిమ కూడా లేవలేదు. వంగినవి వంగినట్లే వాడిపోయాయి. పోషకాల లోపమో, నీటి ఎద్దడో అయితే లేచిన కాయ మధ్యలో ఎండాలి. అసలు లేవనేలేదంటే పుప్పొడే అందలేదని అర్థం.

దీనికి కారణం నాకు వంగతోట నుంచి తెలుసు. వంగపువ్వులో పసుపుపచ్చని కేసరాలు ఒక దగ్గర చేరి గొట్టాల్లా ఉంటాయి. ప్రతి గొట్టం కొసనా సూదిబెజ్జం అంత రంధ్రం. పుప్పొడి ఆ రంధ్రంలోంచి తప్ప బయటికి రాదు. మన తుమ్మెద వచ్చి పువ్వును కాళ్ళతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రం అదిరిస్తుంది; ఆ అదురుకు ఉప్పు డబ్బా కుదిపినట్లు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. పెరట్లో ఉదయం నిలబడితే, ఎగురుతున్నప్పటి రొదకు భిన్నంగా, పువ్వు మీద వాలాక సన్నగా, తెగి తెగి వచ్చే మోత వినబడుతుంది. తంగేడు పూలదీ ఇదే పద్ధతి. ప్రపంచంలో 20 వేలకు పైగా పూల మొక్కలు ఇలా అదిరిస్తేనే పుప్పొడి వదులుతాయి. తేనెటీగకు ఈ విద్య రాదు. షూటింగ్ స్టార్‌లో తేనె అసలు ఉండదు, కాబట్టి తేనెటీగకు అక్కడ పనే లేదు. పక్కింట్లో ఎన్ని పెట్టెలున్నా ఈ పువ్వుకు ఒరిగేది ఉండదు. అక్కడ ఈ పని చేసేది బంబుల్ బీ, మన మైదానాల్లో కనబడని, ఒళ్ళంతా నూగు ఉన్న బొద్దు ఈగ. మే నెలలో తిరిగేవి ఎక్కువగా రాణులే: చలికాలమంతా మట్టిలో ఒంటరిగా గడిపి, వసంతంలో బయటికి వచ్చి కొత్త గూడు కట్టుకునే తల్లులు.

ఆమెకు నమ్మకం కలిగించడానికి బ్రాడీపేటలోని మా ఇంటి పెరట్లో ఒక చిన్న ప్రయోగం చేసి వీడియో కాల్‌లో చూపించాను. భౌతికశాస్త్రం చెప్పిన పాత సహోద్యోగి దగ్గర నుంచి 256 అంకె చెక్కిన శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తెచ్చుకున్నాను, అంటే సెకనుకు 256 సార్లు కంపించేది. బంబుల్ బీ పువ్వు మీద చేసే కంపనం సుమారు 200 నుంచి 400 మధ్య ఉంటుంది కాబట్టి ఇది సరిపోతుంది. అప్పుడే విచ్చిన వంగపువ్వు కింద నల్ల కాగితం పట్టుకుని, ముందు దండాన్ని మోగించకుండానే కేసరాలకు తాకించాను. కాగితం మీద ఏమీ పడలేదు. తరువాత రబ్బరు చెప్పు అడుగుకు కొట్టి, మోగుతుండగా తాకించాను. లేత పసుపు పొడి ఒక్కసారిగా పొగలా వెలువడి, నల్ల కాగితం మీద వేలిగోరంత మేర ముగ్గు చల్లినట్లు పరుచుకుంది. రెండోసారి కొడితే కొంచెమే వచ్చింది. మూడోసారికి దాదాపు ఖాళీ. ముప్పై ఏళ్ళు ఈ పాఠం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఇలా చూపించి ఉంటే పిల్లలకు ఇంకా బాగా ఉండేదని ఆ రోజు బాధ కలిగింది.

ఆమె మొదట ఇంట్లో ఉన్న సోనిక్ టూత్‌బ్రష్‌తో ప్రయత్నిస్తానంది. టమాటాలకు దానిని వాడేవారు ఉన్నారు. కానీ ఇక్కడ తొడిమ వెంట్రుకంత సన్నం. బ్రష్ బరువుకు మొదటి రోజే ఒక పువ్వు తెగిపోయింది. అందువల్ల మూడో ఏడు మే నెలలో ఆమె కూడా శ్రుతిదండమే కొనుక్కుని, మా ఇద్దరి లెక్క ప్రకారం ఇలా చేసింది: ఒక మొక్క పువ్వు కింద నల్లటి చెంచా పట్టి పుప్పొడి రాల్చడం, దానిని సన్నటి కుంచెతో వేరే మొక్క పువ్వు ముక్కుకొసన బయటికి పొడుచుకుని ఉన్న కీలాగ్రానికి అద్దడం. ఒకే మొక్క పుప్పొడిని అదే మొక్కకు వాడవద్దని గట్టిగా చెప్పాను. పరపరాగ సంపర్కమే ఈ జాతికి మేలు. అద్దిన పూలకు ఎర్రదారం, అద్దని వాటికి తెల్లదారం కట్టింది. తొమ్మిదో రోజు ఉదయం, అక్కడి టైము ప్రకారం ఆరు గంటలకు, ఫోటోతో పాటు ఒక్కమాట పంపింది: "లేచింది మాస్టారూ." ఎర్రదారం కట్టిన తొడిమ ఒకటి మెడ ఎత్తి నిలబడింది. ఆ వారంలో ఎర్రదారాలు చాలావరకు లేచాయి. తెల్లదారాల్లో ఒక్కటీ లేవలేదు.

అయితే శ్రుతిదండం చికిత్స కాదు, రోగ నిర్ధారణ మాత్రమే. ఏటా మనిషి వెళ్ళి పువ్వులను అదిరించాలంటే ఆ మొక్క తోటలో ఉందనే కానీ అక్కడ కాపురం చేస్తోందని అనలేము. రాణి ఈగలు ఎందుకు రావడం లేదన్నదే అసలు ప్రశ్న. ఆ ఇంటి వెనుక గడ్డిని జానెడు కూడా పెరగనీయరు. శరదృతువులో ఓక్ ఆకు ఒక్కటి మిగలకుండా ఊడ్పించి సంచుల్లో పంపేస్తారు. కలుపు మందు కొట్టే మనిషి నెలకు ఒకసారి వస్తాడు. చలికాలం మట్టిలో దాక్కోవడానికి రాణికి ఆకుల చాటు లేదు, లేచాక ఆకలి తీర్చుకోవడానికి తేనె లేదు. తేనె ఇవ్వని పువ్వు ఒక్కటే పెట్టుకుని ఈగను రమ్మంటే రాదు. అందుకే అంతకుముందు ఏడు శరత్కాలంలోనే కలుపు మందు మాన్పించి, చెట్టు కింది ఆకును అక్కడే వదిలేయించి, అదే కాలంలో పూచి తేనె ఇచ్చే స్థానిక మొక్కలు మూడు రకాలు నాటించాను: వర్జీనియా బ్లూబెల్, వైల్డ్ కొలంబైన్, వైల్డ్ జెరేనియం. ఆకు ఊడవకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని ఇంట్లో కొంత చర్చ జరిగింది. పచ్చిక శుభ్రంగా ఉండాలన్న పట్టుదల మనవాళ్ళలో అక్కడికి వెళ్ళాక ఇంకా పెరుగుతుందని నా అనుభవం. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గలేదు.

గింజల దశ

మూడో ఏడు జులై నెలాఖరుకు కాయలు గోధుమ రంగుకు తిరిగి, కొసన పళ్ళలా విచ్చుకున్నాయి. ఎండిన పూకాడ గాలికి ఊగినప్పుడల్లా గింజలు కొద్దికొద్దిగా చిమ్ముతాయి కాబట్టి, విచ్చీ విచ్చకముందే కాగితపు సంచి తొడిగి కోయించాను. గింజ ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండదు. అందులో కొంత మీకు పంపిస్తాను, గుంటూరులో వేసి చూడండని ఆమె ఎంతో ప్రేమగా అడిగింది. వద్దన్నాను. మన దేశంలోకి విత్తనం తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి; సూట్‌కేసులో బట్టల మధ్య వచ్చే గింజలతో ఎన్ని తెగుళ్ళు, ఎన్ని కలుపు మొక్కలు దిగాయో వ్యవసాయం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పైగా ఈ గింజ రెండు మూడు నెలలు తడి చలిలో ఉంటే కానీ మొలకెత్తదు. గుంటూరులో ఫ్రిజ్ పెట్టి మొలిపించినా, ఏప్రిల్ దాటకుండా మన ఎండ దాన్ని మాడ్చేస్తుంది.

గింజలను రెండు భాగాలు చేయించాను. ఒక భాగం నవంబరులో ట్రేలలో మట్టి మీద చల్లి, పైన మట్టి కప్పకుండా అరచేత్తో అదిమి, ఉడుతలు తవ్వకుండా ఇనుప జల్లెడ మూసి, మంచు పడేచోట ఆరుబయట వదిలేయడం. రెండో భాగం తడి ఇసుకలో కలిపి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచి మార్చిలో చల్లడం. రెండూ మొలిచాయి. ఆరుబయట ఉంచినవి ఒత్తుగా, కొంచెం ముందుగా వచ్చాయి. ఇకముందు ఫ్రిజ్ పద్ధతి మానేసి నేరుగా చలికే అప్పగించమని చెప్పాను.

మొలకను చూసి ఎవరైనా నిరుత్సాహపడతారు. మొదటి ఏడు రెండు బీజదళాలు, పెసరపప్పు బద్దంత. మహా అయితే వాటి నడుమ ఇంకొక చిన్న ఆకు. జూన్ దాటేసరికి అవి కూడా ఎండి కనబడకుండా పోతాయి. పూత రావడానికి నాలుగైదేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఖాళీగా కనిపించే ట్రేను కడిగి వేరే మొక్కకు వాడేసుకోవడం వల్లనే ఈ జాతి మొలకలు ఎక్కువగా పోతాయి. కాబట్టి ప్రతి ట్రే మీదా చెరగని సిరాతో "లోపల ఉన్నాయి, పారేయవద్దు" అని తెలుగులో రాయించాను, ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా.

నాలుగో ఏడు, అంటే ఈ ఏడు మే రెండో వారంలో, నా విద్యార్థిని శ్రుతిదండం పట్టుకుని తోటలోకి వెళ్ళి, వాడకుండానే వెనక్కి వచ్చింది. అప్పటికే బ్లూబెల్ పూల మీద ఒక బంబుల్ బీ రాణి తిరుగుతోంది. పది నిమిషాలు నిలబడి చూస్తే అది షూటింగ్ స్టార్ గుత్తి మీదికి వచ్చి, తలకిందులుగా పట్టుకుని, మూడుసార్లు ఆగి ఆగి మోగింది. ఆమె ఫోనులో తీసిన చిన్న వీడియోలో గాలి హోరు మధ్య ఆ మోత స్పష్టంగా వినబడుతుంది. దారాలు కట్టకుండా వదిలేసిన ఆ గుత్తిలో ఎనిమిది పూలకు అయిదు తొడిమలు లేచాయి. ఇప్పుడు జులై. అయిదు మొక్కల ఆకులూ పడిపోయాయి, ట్రేలు ఖాళీగా కనిపిస్తున్నాయి, నీళ్ళు ఎవరూ పెట్టడం లేదు. వాళ్ళమ్మగారు ఈసారి వెళ్ళలేదు. దుగ్గిరాలలో పసుపు నాటుతున్నారు. నిన్న ఫోను చేసి, గులకరాళ్ళు కదలకుండా చూడమని కూతురికి చెప్పమన్నారు. చెప్పాను.